తీసిన బురద మళ్ళీ పోసిన ఊళ్ళో మా పిల్లల పాట

రండమ్మా, ఆ చాప ఇలా నా దగ్గరికి లాక్కుని కూర్చోండి. ఫోన్లు కాసేపు పక్కన పడేయండి. బళ్ళో ఆయాలుగా కొత్తగా చేరిన మీకోసం, పిల్లల్ని వెంటబెట్టుకుని టూర్లకి వెళ్ళబోయే టీచరమ్మల కోసం ఇది చెబుతున్నాను. నా చదువు నాలుగో తరగతిలో ఆగింది. అందుకని ఇందులో పెద్ద పెద్ద మాటలుండవు. అమలాపురం దగ్గర ఒక మిషను బడి, దానికో హాస్టలు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి, తెల్లబడ్డాక బయటికొచ్చాను. పిల్లలందరికీ నేను ఆయమ్మని. ఎవరు ఎప్పుడు పెద్దయ్యారో, ఎవరికి ఏ బిరుదిచ్చారో నాకక్కర్లేదు. పనిలో నన్ను విసిగించినవి, ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండేవి కొన్నున్నాయి. అవే చెబుతాను. మీకు పనికొచ్చేవి కూడా అవే.

టూరంటే ఏమిటి

క్వయర్ టూరంటే, అదే పాటల పిల్లల్ని ఊరూరా తిప్పడమంటే, పాటలనుకుంటారు మీరు. కాదు. వాంతులు. బస్సు ఊరు దాటకముందే ఒకడు కవరు అడుగుతాడు. వాణ్ణి చూసి వాడి పక్కవాడు, ఆ వాసనకి వెనకసీటువాడు. నిమ్మకాయలు, అల్లం ముక్క, పిన్నీసులు, రిబ్బన్లు, ఒక జత మార్పిడి బట్టలు, ఇవి నా సంచీలో ఎప్పుడూ ఉండేవి. పాటకి ముందు పిల్లలకి పెరుగన్నం పెట్టనివ్వకండి, గొంతు పట్టేస్తుంది. కూల్‌డ్రింకు అసలే వద్దు. ఈ మాట చెబితే ప్రతి ఊళ్ళోనూ నన్ను చూసి నవ్వేవారు. "పిల్లలండీ, తాగనివ్వండి, ఏమౌతాది?" అంటూ మూత తీసి చేతిలో పెట్టేసేవారు. ఆ తరవాత పైస్వరం అందక పిల్ల ఏడిస్తే కళ్ళు తుడిచేది నేనే. మూత తీసిన పెద్దమనిషి కాదు.

ఆడపిల్లల్ని దింపకముందే ఆ ఊళ్ళో మరుగుదొడ్డి ఎక్కడుందో మీరే దిగి చూసి రండి. ఎవరినీ అడగకండి. అడిగితే "ఎందుకు లేదండీ, ఆయ్, బ్రహ్మాండంగా ఉంది" అంటారు. వెళ్ళి చూస్తే తలుపుండదు.

ఇద్దరు పెద్దలు

నేను చూసిన పెద్దల్లో ఇద్దరే ఇక్కడికి కావాలి. మొదటాయన పాత హెడ్‌మాస్టారు. పాటే సేవ అనేవారు. ఆ మాట బాగానే ఉంది. కానీ ఆ పేరు చెప్పి బట్టలకొట్టు తెరిచినా, పెళ్ళి జరిగినా, ఎవరో నాయకుడు దిగినా మా పిల్లల్ని ఎండలో నిలబెట్టేవారు. ఆ నాయకుడు వచ్చేసరికి సగంమంది పిల్లలు కళ్ళు తిరిగి నీడకి పోయేవారు. మిగిలిన సగం స్వాగతం పాడేది. సేవ ఎవరికో ఆయన్ని ఎవరూ అడగలేదు.

రెండో ఆవిడ పెద్ద మేడంగారు. ఆయన చోట్లోకి గుంటూరు వైపు నుంచి వచ్చారు. ఆయన ఎంత మెత్తనో ఈవిడ అంత నిక్కచ్చి. పాడి చప్పట్లు కొట్టించుకుని రావడం చదువు కాదు, పిల్లలు ఒంటికి చెమటపట్టేలా ఊరికేదైనా చేసి రావాలి అన్నారు. నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు నచ్చింది. మా హాస్టల్లో తాగిన గ్లాసు తీసి కుళాయి కింద పెట్టని పిల్లలుండేవారు. పిల్లాడు మంచాన పడితే తల్లి పాపం గల్ఫు నుంచి ఫోను చేసి ఏడుస్తుంది. లేచి తిరుగుతుంటే వీడు గ్లాసు తియ్యడు. ఇలాంటివాళ్ళ చేత చీపురు పట్టిస్తానంటే నాకెందుకు చేదు?

మేడంగారి ఆలోచనలో తప్పులేదు. ఆవిడకి మా గోదావరి మనుషుల సంగతి తెలియదు, అంతే.

రావులపాలెంలో జరిగింది

మొదటి సేవకి రావులపాలెం అరటి మార్కెట్టుకి తీసుకెళ్ళారు. కుళ్ళిన ఆకులు, గెలల మొదళ్ళు ఎత్తి ఊడవడం పిల్లల పని. తీరా బస్సు దిగి చూస్తే నేల అద్దంలా ఉంది. స్కూలు పిల్లలు వస్తున్నారని తెలిసి తెల్లారకముందే కూలీల చేత ఊడిపించేశారట. మా పిల్లల చేతుల్లో కొత్త చీపుళ్ళు. ఒక వ్యాపారి పరుగున వచ్చి అవి లాక్కున్నాడు.

"చదువుకునే పిల్లల చేత మా మార్కెట్టు ఊడిపిస్తామాండీ? కళ్ళు పోవూ!"

"వాళ్ళు దానికోసమే వచ్చారు" అన్నారు మేడంగారు.

"ఆయ్, వచ్చేరు కదండీ, చాలదా? కూర్చోండి, కూర్చోండి. ఒరేయ్, కుర్చీలు!"

పిల్లలు కుర్చీల్లో కూర్చుని అరటిపళ్ళు తిన్నారు. తొక్కలు ఎక్కడివక్కడే పడేశారు. మేం పాడుతుంటే ఆ కూలీలే మళ్ళీ వచ్చి ఊడ్చారు. తిరుగు ప్రయాణంలో కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేకుండా బస్సు నిండా గెలలు ఎక్కించారు. దారి పొడుగునా మేడంగారు పళ్ళు కొరుకుతూనే ఉన్నారు. అరటిపళ్ళు కాదు.

ఆ రోజు పెట్టిన రూలు ఇది: ఇకమీదట ఏ ఊళ్ళోనైనా ముందు పని. పని పూర్తయితేనే పాట. పని లేకపోతే పాట లేదు, బస్సెక్కడమే.

కెజియా ఆశ

అప్పుడు మా క్వయర్‌కి ముందుగొంతు కెజియా. తొమ్మిదో తరగతి. తల్లి మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. తండ్రి లేడు. పెంచింది మామ్మ రూతమ్మగారు. వైనతేయ పాయలో ఒక లంక వాళ్ళది, పంటు మీద, అదే బల్లకట్టు మీద, ఏరు దాటాలి. కొబ్బరి దింపుళ్ళ దగ్గర, కూరగాయల తోటల్లో కూలికి వెళ్ళే మనిషి. బళ్ళో ఎన్ని కార్యక్రమాలు జరిగినా రాలేకపోయేది. మేకలుండేవి, మోకాళ్ళనొప్పి ఉండేది, పంటు ఆగిపోయేది. ఎప్పుడూ ఏదో ఒకటి. పక్కింటాయన ఫోనులో ఒకసారి మనవరాలి పాట విందట. "డబ్బాలో కంకర్రాళ్ళేసి ఊపినట్టుందే" అందట.

ఆ ఏడు వరదొచ్చి లంక మునిగింది. నీళ్ళు తీశాక ఇళ్ళలో ఒండ్రు మిగిలింది. మా టూరు రాజోలు వైపు పెట్టుకున్నారు. దారిలో ఆ లంకలో దిగి బురద తీసి, పాట పాడి, మర్నాడు రాజోలులో పెద్ద సభలో పాడాలి. ఈ సంగతి తెలిసిన దగ్గర్నించీ కెజియా కాళ్ళు నేలమీద ఆనలేదు.

"ఆయమ్మా, మా మామ్మకి ముందు వరసలో కుర్చీ వెయ్యాలండి. మీరే వెయ్యాలండి. లేపోతే ఎనకాల నిలబడిపోద్దండి."

"వేస్తానే. ఎన్నిసార్లు చెబుతావు?"

"అందరితో కలిసి పాడితే నా గొంతు ఎలాగుంటాదో మా మామ్మకి తెలీదండి."

అంతే ఆ పిల్లకి కావలసింది. రాజోలు సభ గురించి ఒక్కమాటైనా అడగలేదు.

అరుగు మీద బురద

రేవులో పంటు ఆగేసరికి కొబ్బరిబొండాలు కొట్టి పట్టుకుని సిద్ధంగా ఉన్నారు ఊరివాళ్ళు. దారికి రెండు పక్కలా సున్నం గీతలు. ఒక్క ఇంటి ముందరా బురద లేదు. చర్చి కడిగేశారు, అరుగు కడిగేశారు, వీధి ఊడ్చి నీళ్ళు చల్లారు. నాకప్పుడే రావులపాలెం గుర్తొచ్చింది.

ఊరి పెద్ద సూర్యారావుగారు ఎదురొచ్చారు. మేడంగారు దండం పెట్టకుండానే అడిగారు. "బురద ఏదండీ?"

"తీసేసేమండి!" అన్నారాయన, పరీక్ష పాసయినట్టు.

"మేం తీస్తామని ఫోన్‌లో చెప్పాను కదా?"

"చెప్పేరండి. మీరొత్తన్నారని తెలిసేకా బురద అలా ఉంచుతామాండీ? ఊరి పరువేం కావాలి? ఆడాళ్ళూ మొగాళ్ళూ కూలి మానేసి తీసేరండి."

"మరి మా పిల్లలు ఏం చెయ్యాలి?"

"భోంచెయ్యాలండి."

 మేడంగారు తన రూలు చెప్పారు. పని లేకపోతే పాట లేదు. సంగీతం మాస్టారు గొంతు సవరించుకుని ఏదో అనబోయారు. ఆవిడ చెయ్యెత్తారు. కెజియా ముఖం చూడలేకపోయాను.

సూర్యారావుగారు వెనక్కి వెళ్ళి నలుగురితో మాట్లాడి వచ్చారు. "తప్పకుండానండి. మీ రూలు మీరు తప్పద్దండి. ఒక్క పది నిమిషాలు కూర్చోండి" అన్నారు. ఏదో పని దొరికిందనుకున్నాం.

ఏం చేశారో చెబితే మీరు నమ్మరు. ఆ ఊరి కుర్రాళ్ళు పారలు పుచ్చుకుని ఏటిగట్టుకి వెళ్ళారు. తాము తీసి పోసిన బురదనే తట్టలకెత్తి తెచ్చి, శుభ్రంగా కడిగిన చర్చి అరుగు మీద కుమ్మరించడం మొదలుపెట్టారు. తట్టలమీద తట్టలు. ఒకడు అరుస్తున్నాడు, "మేడంగారూ, ఇంతుంటే చాలతాదాండీ? ఇంకో రెండు తట్టలెయ్యమంటారా?"

"ఆపండి! ఏం చేస్తున్నారు మీరు?"

"మీకు పని కావాలన్నారు గదండీ" అన్నారు సూర్యారావుగారు ఎంతో మర్యాదగా. "ముసలాళ్ళు పొద్దుట్నించీ పాట కోసం చూత్తన్నారండి. అరుగెంతండీ, మీరెళ్ళేకా మళ్ళీ కడుక్కుంటాం."

ఒక్కసారి పోసేశాక ఇంకేముంది? మేడంగారికి కాదనడానికి లేదు. పిల్లలు దిగారు. కాసేపు బుద్ధిగానే ఎత్తారు. తరవాత ఒకడు ఇంకొకడి మీద చల్లాడు. అక్కడితో సరి. పాటకని ఇస్త్రీ చేయించిన తెల్లబట్టలు ఎవరు ఉతుకుతారు? ఆయమ్మ ఉతుకుతుంది. మేడంగారు మాత్రం చీర దోపుకుని తనూ తట్ట పట్టుకున్నారు, అది కాదనను. ఎవరో టీచరమ్మ ఫోటోలు తీసింది. ఆ ఫోటోల్లో బురద ఎక్కణ్ణించి వచ్చిందో కనపడదు.

ఖాళీ కుర్చీ

ఈ గొడవతో భోజనాలు ఎప్పటికో పడ్డాయి. కోడికూర, రొయ్యలు, పప్పు, పొట్టిక్కలు, పూర్ణాలు. వరదపాలై కోలుకుంటున్న ఊరు అది. వద్దంటే వినరు, తింటే ఇంకాస్త వేస్తారు. అరటితోటలు నీళ్ళలో కుళ్ళిపోయి ఒక్క ఆకు లేదు. అందుకని ప్రతి ఇంటి నుంచీ స్టీలు కంచాలు తెచ్చి పెట్టారు. మా పిల్లలు తిన్నవాళ్ళు తిన్నట్టు లేచారు. చేతులు కడుక్కున్నారు. వరసకట్టారు.

చర్చి ముందు కుర్చీలు వేశారు. ముందు వరసలో నా తువ్వాలు పరిచి ఒకటి అట్టే పెట్టాను. మొగవాళ్ళు వచ్చి కూర్చున్నారు, పెద్దలు వచ్చారు, ఫోన్లతో కుర్రాళ్ళు వచ్చారు. ఆ కుర్చీ అలాగే ఉంది. చూస్తే ఊళ్ళో ఆడవాళ్ళన్నవాళ్ళు ఒక్కరూ లేరు. సంగీతం మాస్టారు హార్మణీ తెరుస్తుంటే నేను చర్చి వెనక్కి పరుగెత్తాను.

అక్కడున్నారు అందరూ. బోరింగు చుట్టూ చీరలు పైకి దోపుకుని. గుండిగలు, గరిటెలు, కొండలా మన పిల్లలు తిన్న కంచాలు. రూతమ్మగారు పీటమీద కూర్చుని కొబ్బరిపీచు పెట్టి తోముతున్నారు.

"రూతమ్మగారూ, లేవండి, పాట మొదలవుతోంది!"

"వచ్చేత్తానండి. ఈ కాసినీ అయిపోతే వచ్చేత్తాను."

"మీ మనవరాలండీ పాడేది!"

"మనవరాలు మా ఇంటి పిల్లండి. మిగతావోళ్ళు పరాయోళ్ళ పిల్లలు. పంటు కదిలేలోపు టీ ఇవ్వద్దా? టీకి గిన్నెలేవి? ఆ బురద పనెట్టి పొద్దంతా తినేసేరు మీరు."

ఆవిడ చేతిలో కంచం లాక్కోబోయాను. "నేను తోముతాను, మీరెళ్ళండి."

"అయ్యయ్యో, మీరు గెస్టులండి!" అని ఆవిడ వదల్లేదు. కంచానికి నేనో పక్క, ఆవిడో పక్క. మిగతా ఆడవాళ్ళు ఒకటే నవ్వు. "పట్టు రూతమ్మొదినా, వదలకు!" నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఈ మర్యాదని ఏం చెయ్యాలి చెప్పండి? కొట్టడానికి లేదు, తిట్టడానికి లేదు.

అవతల పాట మొదలైంది. క్వయర్ మొదటి చరణం పాడింది. కెజియా ఒక్కతే ఎత్తుకోవలసిన చోటు వచ్చింది. వినపడలేదు. మాస్టారు ఆ స్వరమే మళ్ళీ వాయించారు. అయినా లేదు. ఆ తరవాత మేడంగారి గొంతు.

"కెజియా! ఎక్కడికి? లైన్లోకి రా! ఇప్పుడు లైను తప్పితే రేపు రాజోలులో పాడేది లేదు!"

చర్చి మలుపు తిరిగి వచ్చింది ఆ పిల్ల. పరుగెత్తలేదు, నడిచే వచ్చింది. నన్ను చూడలేదు. బురద చుక్కలు పడ్డ తెల్లగౌను ముందుకి దోపుకుని మామ్మ పక్కన నేలమీద కూర్చుని ఒక కంచం అందుకుంది.

రూతమ్మగారు అదిరిపడ్డారు. "లేవే! గౌను తడిసిపోద్ది! పాట మానేసొచ్చేవా? బుద్ధుందా నీకు? ఆ మేడంగారేవనుకుంటారు?"

"నువ్వు రాలేదు గదా మామ్మా. నేనే వచ్చేను."

"వత్తానన్నాను గదే!"

"పంటెళ్ళిపోయేకా వత్తావు నువ్వు."

ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది. ఒకరి తరవాత ఒకరు పిల్లలు మలుపు దగ్గర తొంగి చూడ్డం మొదలుపెట్టారు. వాళ్ళ వెనక సంగీతం మాస్టారు, చంకలో హార్మణీతో. అందరి వెనకా మేడంగారు. ఆ కంచాల గుట్ట చూశారావిడ. "ఇవన్నీ ఎవరివి?" అన్నారు.  మా పిల్లల్లో ఒకడు నెమ్మదిగా, "మనం తిన్నవే మేడం" అన్నాడు.

పంటుకి ఇంకెంతసేపుందని మేడంగారు ఒకసారి అడిగారు. అడిగి, ఈల ఊది, పిల్లల్ని బ్యాచిలుగా విడదీశారు. ఆవిడకి ఏం చెయ్యాలన్నా ఈల ఊదాల్సిందే. అప్పుడు లేచింది అసలు గొడవ. గెస్టు పిల్లల చేత ఎంగిలి కంచాలు తోమిస్తారా అని ఆడవాళ్ళందరూ అడ్డం పడ్డారు. ఎవరి కంచం వాళ్ళు గట్టిగా గుండెలకి పట్టుకున్నారు. చివరికి రూతమ్మగారే తేల్చారు. తోమద్దు, తుడవండి. తుడిస్తే తప్పులేదు. మా తువ్వాళ్ళన్నీ తీసిచ్చాను.

అలా తుడుస్తూ పాడారమ్మా మా పిల్లలు. హార్మణీ నీళ్ళ తొట్టి మీద పెట్టారు. కెజియా తన చోటు రాగానే ఎత్తుకుంది, చేతినిండా పీచు పెట్టుకునే. రూతమ్మగారు కడుగుతున్న కంచాన్ని బోరింగు కింద అలాగే పట్టుకుని ఉండిపోయారు. ఎవరు కొడుతున్నారో, నీళ్ళు పొర్లి ఆవిడ ఒళ్ళో పడుతున్నాయి. పాట అయ్యేదాకా కంచం కదల్లేదు.

అయ్యాక మనవరాలి వంక చూసి, "నీ గొంతు అంత సన్నంగానా? హాస్టల్లో తిండి పెట్టట్లేదా?" అని, తడిచేత్తోనే ఆ పిల్ల చెంప నిమిరి, మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టారు.

రాజోలు

మేడంగారు మాట మార్చే మనిషి కాదు. పంటు మీద నా పక్కన కూర్చుని, "లైను తప్పింది ఆయమ్మా, రేపు పాడనిస్తే మిగతావాళ్ళకి నేనేం చెప్పను?" అన్నారు.

"ఏమీ చెప్పక్కర్లేదండి. వాళ్ళకి కళ్ళున్నాయి" అన్నాను. నాకు అప్పటికి ఓపిక లేదు.

 మర్నాడు రాజోలు సభలో కెజియా చోట వేరే పిల్ల పాడింది. పైస్వరం అందలేదు. పెద్దలందరూ చప్పట్లు కొట్టారు, వాళ్ళకేం తెలుసు? మేడంగారు మాత్రం కొట్టలేదు. తల దించుకుని కూర్చున్నారు.

ఆ ఏడు బడి పుస్తకంలో అచ్చు వేసిన ఫోటో ఏదో తెలుసా? అరుగు మీద బురద. కింద సేవ అని రాశారు. కంచాల ఫోటో ఎవరూ తీయలేదు. ఇప్పటికీ ఆ పుస్తకం చూస్తే నాకు చిరాకే.

మీకు చెప్పేది ఇంతే. సేవ చేయిస్తాం అని ముందు ఫోను చేసి ఏ ఊరికీ వెళ్ళకండి. వెళ్ళాక ముందుగా వంటపాక వెనక్కి వెళ్ళి చూడండి. మీ పిల్లలు చెయ్యవలసిన పని అక్కడుంటుంది. మీ పిల్లలే పెట్టిన పని అది. ఊరివాళ్ళు వద్దంటారు, దండం పెట్టి మరీ వద్దంటారు. పోట్లాడండి. పోట్లాడటం నాకు ఆలస్యంగా వచ్చింది, మీరు ముందే నేర్చుకోండి. ఇంకో మాట. రూలు పెట్టినవాళ్ళు మంచివాళ్ళే అయినా, ఆ రూలు ఎవరి నెత్తిన పడుతోందో ఒక కంట చూస్తూ ఉండండి. మిమ్మల్ని అడగరు. అయినా చూడండి.

రాజోలులో ఆ సభ జరుగుతున్నంతసేపూ కెజియా నా పక్కనే, సంచులకి కాపలాగా నిలబడింది. ఏడుస్తుందేమోనని రుమాలు తీసి పట్టుకున్నాను. అది నా చేతిలో రుమాలు చూసి నవ్వింది.

"పర్లేదాయమ్మా" అంది. "మా మామ్మ వినేసింది కదండీ."

వెళ్ళిరండమ్మా. మీ ఇళ్ళు చల్లగా ఉండాలి, పొయ్యిమీద అన్నానికి లోటుండకూడదు. మీ ఇంట్లో ఎవరు నోరు తెరిచి పాట ఎత్తుకున్నా, చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చుని వినే తీరిక ఆ ఇంటి ఆడవాళ్ళకి ఉండుగాక.